ఆఖరివాడికి శ్రీ

నన్ను కని పెంచిన అమ్మ పాదాలకు నీ పెద్దకూతురు సారమ్మ మొక్కి రాస్తున్న సంగతులు. ప్రభువు చల్లగా చూడబట్టి నేనూ మీ అల్లుడూ ఇక్కడ బాగానే ఉన్నాం. నీ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? నాన్నకు దగ్గు తగ్గిందా? ఎర్రావు ఈనిందా, ఈనితే పెయ్యా కోడెదూడా? చిన్నమ్మ కోడలితో మళ్ళీ మాట్లాడుతున్నదా? ఇవన్నీ మరచిపోకుండా రాయించు. దిగులు పెట్టుకోకు, మేము బాగానే ఉన్నాం.

ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తున్న ఉపదేశిగారికి నా వందనాలు. ఉపదేశిగారూ, మీకొక మనవి. మా తమ్ముడు ప్రకాశాన్ని కూడా పిలిచి దగ్గర కూర్చోబెట్టుకుని చదవండి. వాడు రానని మొండికేస్తే గుమ్మం అవతలే నిలబడనివ్వండి, మీరు మాత్రం కాస్త గట్టిగా చదవండి.

అమ్మా, పోయినసారి నువ్వు రాయించిన మాట విన్నప్పటినుంచి నాకు అన్నం సయించలేదు. ప్రకాశం ఇక చచ్చినా బడికి పోనంటున్నాడనీ, ఉగాది వెళ్ళగానే వాడిని కాపుల ఇంట పాలేరుగా పెడుతున్నామనీ రాయించావు. వాడు ఎందుకు పోనంటున్నాడో నీకూ తెలుసు, నాకూ తెలుసు. పిల్లవాడి రెండు చేతులూ తాడుతో కట్టి, ఆ తాడు దూలానికి వేసి, కాళ్ళు నేలకు అందకుండా లాగి దానికి కోదండం అని పేరు పెట్టుకున్నాడు మనూరి బడి పంతులు. అడగందే అమ్మైనా పెట్టదంటారు గనక ముందే అడుగుతున్నాను. వాడిని పాలేరుగా పెట్టొద్దు. నా దగ్గరికి పంపించు. అక్కడ మాత్రం బడి లేదా, బెత్తం లేదా అని అడుగుతావు. ఉన్నాయమ్మా. అందుకే ఈ మధ్య మా బడిలో జరిగింది మొత్తం రాస్తున్నాను. విని, ఆ తర్వాత నాన్నా నువ్వూ ఒక మాట అనుకోండి.

ముందు ఇక్కడి సంగతి చెబుతాను. మన పల్నాట్లో నీళ్ళ కోసం బావిలోకి తొంగిచూసి నిట్టూరుస్తామే, ఇక్కడ నీళ్ళను ఎటు తోలాలో తెలియక కొట్టుకుంటారు. ఇంటి ముందు పెద్ద కాలవ, ఇంటి వెనక బోదె అనే పిల్లకాలవ, వానాకాలంలో ఇంట్లో కూడా నీళ్ళే. మీ అల్లుడికి లాకు దగ్గర పని. పడవ రాగానే పెద్ద తలుపులు మూసి, నీళ్ళు నింపి, పడవను పైకి ఎక్కించి పంపాలి. ఆ పని చేసి చేసి రెక్కలు గట్టిపడ్డాయి, ఒళ్ళు కూడా చేశాడు. మూడు పూటలా వరి అన్నమేనమ్మా. మొదట్లో పండగలాగే ఉండేది. ఇప్పుడు నీ చేతి జొన్నరొట్టె గుర్తొస్తే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. వీళ్ళు పులుసులో బెల్లం వేస్తారు, పప్పులోనూ వేస్తారు, వదిలేస్తే నీళ్ళల్లో కూడా వేసేటట్టున్నారు. దోమలు చెప్పనే వద్దు. మాట మాత్రం ఎంత మెత్తనో. కూరలమ్మే మనిషిని కూడా ఏమండీ అంటారు. నేను మనూరి పద్ధతిలో ఏమే, ఏందే అంటే ఉలిక్కిపడి చూసేవాళ్ళు. ఇప్పుడు నాక్కూడా అలవాటై మొన్న మేకపిల్లను అటు జరగండి అన్నాను. మీ అల్లుడు ఆ మాట చెప్పి చెప్పి లాకు దగ్గర అందరినీ నవ్విస్తున్నాడు.

మేము వచ్చిన కొత్తలో ఇద్దరం చలిజ్వరంతో పడ్డామని నీకు అప్పుడు రాయలేదు, నువ్వు బెంగ పడతావని. అప్పుడు మా మంచం పక్కన జావ పెట్టినవాళ్ళు ఇక్కడి మిషను బడి పెద్ద శాంతయ్య పంతులుగారూ ఆయన భార్యానూ. ఏమీ కానివాళ్ళం, ఎక్కడినుంచో వచ్చినవాళ్ళం. జ్వరం తగ్గాక నేను గుమ్మంలో కూర్చుని కీర్తన చదువుకుంటుంటే పంతులుగారు ఆగి విని, "చదువొచ్చా అమ్మా నీకు? మరి చెప్పవేంటి?" అన్నారు. మర్నాటినుంచే మధ్యాహ్నం పూట చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించే పని నాకిచ్చారు. అందరూ నన్ను పంతులమ్మగారు అంటున్నారు. ఆ మనుషుల మేలు నేను ఈ జన్మలో మరచిపోలేను.

కానీ పంతులుగారి బెత్తం ఉందే, అది వేరే సంగతి. ఆయన ప్రభువును నమ్ముకోకముందు వీధిబడి నడిపినవారు. ఆ బడి పద్ధతి ఒకటి ఇక్కడికీ తెచ్చుకున్నారు. పొద్దున బడికి అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో బెత్తం కొసతో శ్రీ అని రాస్తారు. రెండోవాడికి చుక్క. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా వచ్చిన వరసన పెరుగుతూ పోతాయి. ఆఖరివాడి దగ్గరికి వచ్చేసరికి పంతులుగారి చెయ్యే నొప్పి పుడుతుంది. మిషను దొరగారు ఒకసారి బడి చూడవచ్చి ఈ శ్రీ ఎందుకని అడిగితే, అక్షరానికి మతం ఏంటండి అన్నారట. దెబ్బల సంగతి దొరగారు అడగనేలేదట. రోజూ శ్రీ ఎవరికంటే పంతులుగారి మనవడికే. బడిలోనే పడుకుని లేచేవాడు బడికి ముందు రాక ఏం చేస్తాడు?

ఆఖరివాడు కూడా రోజూ ఒకడే. పేరు నూకరాజు. గోదావరిలో చేపలు పట్టేవాళ్ళ పిల్లవాడు, మన ప్రకాశం ఈడువాడే. అమ్మా, వాడి అల్లరి చెప్పాలంటే ఈ కాగితం చాలదు. ఎక్కాలు చదివేటప్పుడు పొగపడవ కూసినట్టు కూస్తాడు. పంతులుగారి చెప్పుల్లో బురదపీతను పెట్టాడు. బెత్తాన్ని బడి కప్పులో దాచాడు, దొరికాక దాంతోనే దెబ్బలు తిన్నాడు, తింటూ నవ్వాడు. మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అన్నారా? వాడి పేరు కొట్టేస్తానని పంతులుగారు రోజూ అనేవారు. వాళ్ళ నాన్న మాత్రం పంతులుగారికి దణ్ణం పెట్టి, "ఇంకొన్నాళ్ళు చూడండి బాబూ" అని బతిమాలుకుని పోయేవాడు.

ఆ మధ్య పంతులుగారు జ్వరంతో మంచం ఎక్కారు. పొద్దుటి బడి కూడా నన్నే చూడమన్నారు. నేను చదివింది ఆడపిల్లల బోర్డింగులో గదా, అక్కడ ఈ శ్రీలూ చుక్కలూ లేవు. మధ్యాహ్నం పూట వెళ్ళేదాన్ని గనక పొద్దుటి తంతు నేను కళ్ళతో చూసిందీ లేదు, అప్పటికి ఎవరూ చెప్పిందీ లేదు. మొదటిరోజు వెళ్ళేసరికి పిల్లలందరూ వరసగా నిలబడి చేతులు చాపారు. పంతులుగారి మనవడు "శ్రీ పెట్టండి పంతులమ్మగారూ" అన్నాడు. ఇదేదో ఇక్కడి దీవెన కాబోలు అనుకుని సుద్దముక్కతో వాడి అరచేతిలో శ్రీ రాశాను. రెండోవాడికీ రాశాను. వాడేదో చెప్పబోతే వెనకున్న పిల్ల వాడి వీపు గిల్లిందట, ఆ సంగతి తర్వాత తెలిసింది. ఇక ఒక్కరూ కిక్కురుమనలేదు. చిన్న చేతులు, బురద చేతులు, గజ్జి చేతులు, అన్నిటిలోనూ శ్రీ రాసుకుంటూ పోయాను. పొద్దున్నే ఎంత మంచి అలవాటు అని మనసులో మురిసిపోయాను కూడా.

ఆఖరున నూకరాజు వచ్చాడు. చెయ్యి చాపి, పళ్ళు ఇకిలించి, దెబ్బల కోసం సిద్ధంగా నిలబడ్డాడు. నేను వాడి చేతిలో కూడా రాశాను. వాడు అరచేతిని చూసుకున్నాడు. నన్ను చూశాడు. మొహం కందగడ్డ అయింది. "ఎగతాళా అండి?" అన్నాడు. "ఎగతాళి ఏంటి నాయనా, అందరికీ రాసినట్టే నీకూ రాశాను" అన్నాను. వాడు వెళ్ళి కూర్చున్నాడు. ఆ పూట కూత లేదు, కేక లేదు. మధ్యాహ్నానికి గిల్లిన పిల్లే వచ్చి నాకు అసలు సంగతి చెప్పింది. పంతులుగారికి ఏమని చెప్పాలా అని భయం పట్టుకుంది. అయినా తెల్లారి మళ్ళీ అందరికీ శ్రీయే రాశాను. తెలిశాక కొట్టడానికి చెయ్యి రాలేదమ్మా.

దాంతో నూకరాజు మంచివాడు అయిపోయాడనుకునేవు. మూడోనాడు నా సంచిలో పీతను పెట్టాడు. బతికున్న పీతను నేను ఎప్పుడు చూశాను? సంచిలో చెయ్యి పెట్టగానే అది కదిలింది. నేను కెవ్వుమని అరిచి సంచి కింద పడేసి బల్ల ఎక్కాను, చీర కుచ్చెళ్ళు పట్టుకుని. పిల్లలు పడి పడి నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా కోపం సంగతి నీకు చెప్పాలా? బెత్తం గోడకే ఉంది, చెయ్యి చాపితే అందుతుంది. కానీ ఆ పీత గిట్టలు ఆడించుకుంటూ నేల మీద నడుస్తుంటే దాన్ని తీసేవాడు కావాలి గదా ముందు. "దాన్ని ఎలా పట్టుకోవాలి?" అని నూకరాజునే అడిగాను. నిజంగానే అడిగాను, నాకు తెలియక. వాడు వచ్చి వెనకనుంచి డొప్ప మీద వేళ్ళు వేసి ఒక్క పట్టులో ఎత్తాడు. "ఇక్కడ పట్టుకుంటే దాని గిట్ట అందదండి" అని చూపించాడు. నన్నూ పట్టుకోమన్నాడు. భయపడుతూనే పట్టుకున్నాను. ఆ తర్వాత చెప్పాను, "నూకరాజూ, నాకు నీళ్ళ సంగతులు ఒక్కటీ తెలియవు. పాఠం అయ్యాక రోజుకొకటి నువ్వు చెప్పు, నేను వింటాను. పాఠం చెప్పేటప్పుడు మాత్రం నేను చెబుతాను, నువ్వు విను. ఒప్పందమేనా?" వాడు కాసేపు తల గోక్కుని, "కూత కూడా మానాలాండి?" అని అడిగాడు. పాఠం అయ్యాక కూయమన్నాను. ఆ పీతను ఇంటికి తెచ్చి వండాను, మీ అల్లుడు లొట్టలు వేసుకుంటూ తిన్నాడు.

అలా కొన్నాళ్ళు గడిచాయి. ఒప్పందం వాడు చాలావరకు నిలబెట్టుకున్నాడు, నేనూ నిలబెట్టుకున్నాను. ఏ గాలికి ఏ చేప పడుతుందో, ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు పులస ఎలా ఎదురెక్కుతుందో నాకు చెప్పాడు. ఒకరోజు నేను అడిగాను, "శ్రీ రాస్తున్నా ఇంకా ఆఖరుకే వస్తావేంటి?" అని. "ఆఖరు నాదండి" అన్నాడు. "ఎందుకు నీది?" అంటే, "ఎవడో ఒకడు రావాలి కదండీ. చిన్నోళ్ళు వస్తే ఏడుస్తారండి. నాకయితే అలవాటేనండి" అన్నాడు. బడి గోడ వెనక నిలబడి, ఆఖరి పిల్ల లోపలికి పోయేదాకా ఆగి, అప్పుడు వచ్చేవాడట. ఎవరైనా తన తర్వాత వస్తే ఊరుకోనని బెదిరించేవాడట కూడా. నేను ఆ పూట ఇంటికి వచ్చి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. ప్రకాశమే కళ్ళ ముందు కనపడ్డాడు.

పంతులుగారు లేచి తిరగగలిగిన రోజున మనవడి చేతిలో శ్రీ చూసి మురిసిపోయారట. ఆ తర్వాత ఎదురింటి పిల్ల చేతిలోనూ చూశారు, వీధిలో ఆడుకునేవాళ్ళ చేతుల్లోనూ చూశారు. నన్ను పిలిపించారు.

"ఏంటమ్మా ఇది? శ్రీ అంటే సంతలో మరమరాలా, వచ్చినవాడికల్లా దోసెడు పొయ్యడానికి?"

"మొదట తెలియక రాశానండి. తెలిశాక మానబుద్ధి కాలేదండి" అన్నాను.

"మొక్కై వంగనిది మానై వంగుతుందా? నా తల నెరిసింది ఈ పనిలోనేనమ్మా. రేపటినుంచి పొద్దున నేనే వస్తాను. పద్ధతి పద్ధతే. ఆ నూకరాజు సంగతి రేపటితో తేలిపోవాలి."

ఆయన గట్టిగా అరవలేదు, అదే నాకు ఎక్కువ భయం వేసింది. ఇంటికి వచ్చి మీ అల్లుడితో చెప్పుకుంటే, "అన్నం పెట్టినాయన. ఎదురు మాట్లాడమాక" అన్నాడు. ఆ మాటా నిజమే. ఆయనకు ఎదురు చెప్పడం నాకూ ఇష్టం లేదు. పిల్లవాడిని వదిలెయ్యడమూ ఇష్టం లేదు.

తెల్లారి బడి గోడ వెనక్కి వెళ్ళాను. నూకరాజు అక్కడే ఉన్నాడు. నన్ను చూసి, "మీరు వెళ్ళండి పంతులమ్మగారూ" అన్నాడు.

"నువ్వు వెళ్ళు. ఇవాళ ఆఖరు నాది."

"మీకెందుకండి? మీకు ఆ లెక్క ఉండదండి."

"బడికి వచ్చిన అందరికీ అదే పద్ధతి గదా. నేనూ బడికే వచ్చాను."

"మీరు వెళ్ళండి అంటుంటే."

"నేను కదలను. పొద్దు ఎక్కినా ఇక్కడే ఉంటాను."

అలా ఇద్దరం గోడ వెనక నిలబడి వాదులాడుకున్నాం. ఎవరైనా చూస్తే ఏమనుకునేవారో. లోపల దెబ్బల చప్పుడు మొదలైంది. వాడు ఆ చప్పుడు వింటూ, "మీరు మరీ మొండండి" అని విసుక్కుని లోపలికి వెళ్ళాడు. నేను వాడి వెనకే వెళ్ళి వరసలో నిలబడ్డాను.

పంతులుగారు నూకరాజును చూశారు, తర్వాత నన్ను చూశారు. "నువ్వెందుకమ్మా ఇక్కడ నిలబడ్డావు?"

"అందరికంటే ఆఖరున వచ్చానండి" అని అరచెయ్యి చాపాను. "నాకు జావ పోసిన చెయ్యి మీది, కొట్టినా పడతానండి. ఒక్క మాట మాత్రం అడగనివ్వండి. రేపు వీళ్ళంతా కోడి కూయకముందే వచ్చి కూర్చున్నా, ఎవరో ఒకరు ఆఖరున రాక తప్పదు గదండీ. అప్పుడు వాడి తప్పేంటండి?"

బడి అంతా కదలకుండా చూస్తోంది. పంతులుగారు బెత్తం ఎత్తారు. అది కొట్టడానికో కిందపెట్టడానికో నాకు ఇప్పటికీ తెలియదు. నూకరాజు ఒక్క అడుగు వేసి నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. పళ్ళు ఇకిలించలేదు. "ఆవిడవి కూడా నాకే వెయ్యండి పంతులుగారూ" అని రెండు చేతులూ చాపాడు.

పంతులుగారు పీట మీద కూలబడ్డారు. మంచినీళ్ళు అడిగితే నూకరాజే పరుగెత్తి తెచ్చాడు. ఆయన తాగి చెంబు కింద పెట్టారు. "ఆ లెక్క నాకు ఎప్పుడూ తోచలేదమ్మా. ఎవడో ఒకడు ఆఖరువాడు కాక తప్పదు. ఇన్నేళ్ళు చెప్పాను గానీ తోచలేదు" అన్నారు. నూకరాజును దగ్గరికి పిలిచి అరచెయ్యి తిప్పి చూశారు. ఆ అరచెయ్యి చెప్పు అట్టలా ఉంటుందమ్మా. ఆయన దాన్ని అలా పట్టుకునే కూర్చున్నారు.

ఆ రోజునుంచి పొద్దున వరస లేదు. వచ్చినవాడు వచ్చి కూర్చుంటాడు. అన్నీ చక్కబడ్డాయని చెబితే అబద్ధం. గొడవ మునుపటికంటే ఎక్కువైంది. పంతులుగారు రోజుకు నాలుగుసార్లు తల పట్టుకుని, "చూశావా అమ్మా నీ నిర్వాకం" అంటారు. నూకరాజు మొన్న కూడా ఎవరిదో పడవ తాడు విప్పి వదిలేశాడు, మీ అల్లుడు కాలవలో దూకి పట్టుకోవాల్సి వచ్చింది. దానికి పంతులుగారు వాడిని తీసుకుని ఆ పడవవాడి ఇంటికి వెళ్ళి, పిల్లవాడి చేత క్షమాపణ చెప్పించి, పక్కనే తానూ నిలబడ్డారు. బెత్తంతో ఇప్పుడు నల్లబల్ల మీద అక్షరాలు చూపిస్తున్నారు. నూకరాజు రెండో వాచకం కూడబలుక్కుని చదువుతున్నాడు. ప్రభువు నన్ను ఇలాంటి చోటికి తెచ్చినందుకు రోజూ మోకరించి కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను. ఆ ముసలాయన కోసం ఇంకా ఎక్కువగా ప్రార్థన చేస్తున్నాను. ఆ వయసులో మాట వెనక్కి తీసుకోవడం ఎంతమందికి చేతనవుతుంది?

అందుకే అడుగుతున్నాను అమ్మా. ప్రకాశాన్ని పంపించు. ఒకసారి పాలేరుగా పెడితే వాడు ఆ పసులకొట్టంలోనే ముసలివాడు అవుతాడు. బెజవాడదాకా నాన్న బండి మీద తీసుకువస్తే చాలు. అక్కడినుంచి ఏలూరు కాలవలో పడవ ఉంది. మీ అల్లుడికి తెలిసిన సరంగు, పడవ నడిపేవాడు ఒకడు, వాడిని భద్రంగా మా లాకు దగ్గర దింపుతాడు. తిండికి కొరత లేదు, బెల్లం పులుసు అలవాటు చేసుకోవాలి, అంతే. వాడితో కాస్త మనూరి ఎండుమిరపకాయలు, గోంగూర పచ్చడి ఒక జాడీ పంపించు. ఇక్కడి కారం కారమే కాదు. నువ్వు కట్టి వదిలేసిన పాత చీర ఏదైనా ఉంటే అదీ పెట్టు, చలికి కప్పుకుంటాను. ఊరికే అడుగుతున్నాను అనుకోకు, నీ వాసన ఉంటుందని అడుగుతున్నాను.

నాన్నకు, మేనత్తకు, చిన్నమ్మకు, మన సంఘంలో పెద్దలందరికీ నా వందనాలు, మీ అల్లుడి వందనాలు. పిల్లలకు ముద్దులు. మేము బాగున్నాం, నా గురించి బెంగ పడొద్దు. నీ చెయ్యి నా తల మీద ఉన్నట్టు తలచుకుని ఇక్కడితో ఆపుతున్నాను. నీ దీవెన కోరే నీ బిడ్డ,

సారమ్మ

ఈ కింది నాలుగు మాటలు పంతులుగారు తన చేత్తో రాస్తానని అడిగి కాగితం తీసుకున్నారు. ఉపదేశిగారూ, ఇది ప్రకాశం ఒక్కడికే చదవండి.

ప్రకాశంగారికి శాంతయ్య పంతులు రాసేది. నా ఆయుష్షులో నేను ఏ పిల్లవాడినీ గారు అని పిలవలేదు, మిమ్మల్నే మొదట పిలుస్తున్నాను. మిమ్మల్ని దూలానికి కట్టారని మీ అక్కగారు చెప్పారు. అది తప్పు. ఆ పంతులు మీతో ఆ మాట అనలేదు, అంటారని నమ్మకమూ లేదు. అదే పనిలో ముసలివాడినైన నేను ఆయన బదులు అంటున్నాను, మన్నించండి. మా బడికి వచ్చి చూడండి. నచ్చకపోతే లేచి వెళ్ళిపోండి, నేను అడ్డం రాను. ఒక్కసారి మాత్రం రండి.